లక్ష రూపాయల గేరు, డిక్కీలో పడున్న తాడు

పేరు, ఊరు రాయొద్దని అడిగిన ఒక అమ్మాయి ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది, కుదించి చెబుతాను. వయసు 27. సొంతూరు ఖమ్మం దగ్గర పల్లె. మాదాపూర్ హాస్టల్లో ఉంటూ ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. చేతికి 46 వేలు వస్తే 15 వేలు ఇంటికి పంపుతుంది, 9 వేలు హాస్టల్‌కి కడుతుంది. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. పోయినేడాది ఒక సంబంధం నిశ్చితార్థం దాకా వచ్చి ఆగిపోయింది. నిద్రపట్టని ఆ రోజుల్లో తోటి ఉద్యోగిని ఒకామె బలవంతంగా క్లైంబింగ్ జిమ్‌కి, అంటే రాళ్లెక్కినట్టు గోడలెక్కే చోటికి, లాక్కెళ్లింది. "గోడ మీద ఉన్నంతసేపు బుర్రలో ఇంకేం తిరగదక్కా" అని రాసింది. ఎనిమిది నెలలుగా వారానికి రెండుసార్లు జిమ్‌కి, కొన్ని ఆదివారాలు ఖాజాగూడ రాళ్ల దగ్గరికి వెళ్తోంది.

ఇప్పుడు ఆ జిమ్ గ్యాంగ్‌లో ఆరుగురు డిసెంబర్‌లో రాళ్లెక్కడానికి కర్ణాటకలోని బాదామి వెళ్తున్నారు. వాళ్లలో పెద్దగా చెలామణి అయ్యే ఒకతను ప్రతి ఒక్కరూ కొనాల్సిన గేర్ అంటూ లిస్టు పంపాడు. షూస్ 17 వేలు, హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీ) 11 వేలు, హెల్మెట్ 9 వేలు, సన్న రోప్ 21 వేలు, డజను క్విక్‌డ్రాలు (ఎక్కుతూ తాడుని రాయికి తగిలించుకునే కొక్కేల జతలు) 20 వేలు, జాకెట్ 34 వేలు. మొత్తం లక్షా 12 వేలు. లిస్టు కింద "ప్రాణానికి రేటు కట్టొద్దు" అని ఒక లైను. ఇన్నాళ్లూ జిమ్ అద్దె షూస్‌తోనే ఎక్కుతోంది కాబట్టి ఈమెకు "రెంటల్ మేడమ్" అని పేరు పెట్టారు. సరదాకే అంటున్నారు, కానీ ఈమెకు గుచ్చుకుంది. షూస్ మాత్రం కార్డు మీద ఈఎంఐకి కొనేసింది, ఇంట్లో 3 వేలని చెప్పింది. అవి కాళ్లకి ఎక్కడం లేదు, బొటనవేలి గోరు నల్లబడింది. ఉత్తరం చివర్లో ఇంకో మాట: అమెరికా వెళ్లిపోతున్న ఒక సీనియర్ కారు డిక్కీలో ఉన్న పన్నెండేళ్ల నాటి రోప్ ఈమెకు ఊరికే ఇచ్చేశాడట. "కొత్తదానిలాగే ఉందక్కా, 21 వేలు మిగిలినట్టే కదా. మిగతా 74 వేలు పెట్టాలా? ఖరీదైనది నిజంగా సేఫా? నాన్నకి ఎలా చెప్పను?" ఇదీ ప్రశ్న.

చెల్లీ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. లక్షా 12 వేల గురించి నాలుగు పేజీలు రాశావు, ఊరికే వచ్చిన తాడు గురించి రెండు లైన్లు రాశావు. నాకు భయం వేసింది ఆ రెండు లైన్లకే. అందుకని ముందు అదే. మిగతాది చదివే ఓపిక లేకపోయినా ఇది చదువు.

తాడు నైలాన్. వాడినా, వాడకపోయినా పాతబడుతుంది. ఒక్కసారి కూడా వాడకుండా బీరువాలో దాచినా పదేళ్లు దాటితే పక్కన పెట్టమని తయారుచేసే కంపెనీలే చెబుతాయి, వారం వారం రాళ్ల మీద రాసుకునే తాడైతే అంతకు చాలా ముందే పోతుంది. నీది పన్నెండేళ్లది. పైగా డిక్కీలో ఉండేది. మన మే నెల ఎండకి డిక్కీ ఎలా కాలుతుందో నేను చెప్పక్కర్లేదు, దానికన్నా పెద్ద భయం బ్యాటరీ యాసిడ్. ఎప్పుడో ఒకసారి యాసిడ్ తగిలిన నైలాన్ పైకి శుభ్రంగానే కనిపించొచ్చు, రంగు కూడా మారకపోవచ్చు, బరువు పడ్డ రోజున మాత్రం తెగుతుంది. అందుకే "కొత్తదానిలాగే ఉంది" అన్న మాటకి ఇక్కడ విలువ లేదు. ఇంకోటి, అసలది ఏ రకం తాడో చూశావా? కొసకి చుట్టిన టేపు మీద ఈఎన్ 892 (యూరప్ ప్రమాణం నంబరు) అని ఉంటే అది సాగే తాడు, పడ్డ మనిషిని మెల్లగా ఆపేది. ఈఎన్ 1891 అని ఉంటే పెద్దగా సాగనిది, కిందికి దిగడానికీ సామాను లాగడానికీ పనికొచ్చేది. దాన్ని కట్టుకుని లీడ్ చేస్తూ, అంటే పైనుంచి తాడు ఆసరా లేకుండా ముందుగా ఎక్కుతూ, పడితే తాడు తెగకపోవచ్చు గానీ ఆ కుదుపుకి నీ నడుం తట్టుకోదు. టేపే ఊడిపోయి ఉంటే ఇక ఆలోచించాల్సింది కూడా ఏం లేదు. ఆ ఇచ్చినాయన మంచి మనసుతోనే ఇచ్చుంటాడు, పారేయడానికి చేతులు రాలేదు అంతే. మన ఇళ్లలో పాత కుక్కర్లు పనిమనిషికి ఇచ్చినట్టు.

ఇప్పుడు ఖరీదు సంగతి. నీ జిమ్‌లో ఏదైనా కారబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) చేతిలోకి తీసుకుని దాని వెన్ను మీద చెక్కిన అంకెలు చూడు. మూడుంటాయి. నిలువుగా లాగితే ఎంత ఓరుస్తుంది, అడ్డంగా లాగితే ఎంత, గేటు తెరుచుకుని ఉంటే ఎంత అని, కిలోన్యూటన్లలో. ఒక కిలోన్యూటన్ అంటే మన లెక్కలో వంద కిలోల బరువు అనుకో. క్లైంబింగ్‌కి మామూలుగా వాడే కారబైనర్ నిలువుగా కనీసం 20 ఓర్వాలి, అంటే రెండు టన్నులు. హార్నెస్‌లో ముందు వైపు తాడు పట్టి ఆపే పరికరం తగిలించే లూప్ ఉంటుంది చూడు, అది కనీసం 15. రోప్‌కైతే 80 కిలోల దిమ్మ కట్టి వదులుతారు, అలా కనీసం ఐదుసార్లు పడినా తెగకూడదు. సీఈ (యూరప్ ముద్ర) అనో యూఐఏఏ (పర్వతారోహకుల అంతర్జాతీయ సమాఖ్య) అనో ముద్ర ఉందంటే ఈ పరీక్ష దాటిందని అర్థం. 4 వేల హార్నెస్ దాటాల్సిన గీత ఏదో 11 వేల హార్నెస్ దాటాల్సిందీ అదే. గీతకి అవతల ఒకటి రెట్టింపు సేఫ్, ఇంకోటి సగం సేఫ్ అనేం లేదు. కాబట్టి ఆ "ప్రాణానికి రేటు కట్టొద్దు" అన్న లైన్ దగ్గర నువ్వు సిగ్గుపడక్కర్లేదు. ప్రాణం రేటు ఆ 4 వేలలోనే కట్టేసి ఉంది, పైన 7 వేలు వేరే వాటికి.

చవక అంటే మాత్రం ముద్ర ఉన్న చవకే సుమా. 2011లో క్లైంబింగ్ సామాను చేసే పెట్జెల్ కంపెనీ తన పేరుతో, తన గుర్తులతో అచ్చంగా అలాగే ఉన్న నకిలీ కారబైనర్లు, తాడు పరికరాలు తిరుగుతున్నాయని ప్రపంచమంతా హెచ్చరిక పంపాల్సి వచ్చింది. ముద్ర కూడా దొంగతనం చేశారన్నమాట. అందుకని ఆన్‌లైన్‌లో ఎవరో తెలియని అమ్మకందారు దగ్గర సగం రేటుకి పెద్ద బ్రాండ్ దొరికిందని సంబరపడే బదులు, మనిషి కూర్చుని బిల్లు ఇచ్చే షాపులో మామూలు బ్రాండ్ కొనుక్కోవడం మేలు. బ్యాగుకి వేలాడేసుకునే తాళంచెవుల కారబైనర్లు అసలు లెక్కలోకే రావు.

మరి ఆ పైన 7 వేలు దేనికి? ఎక్కువగా బరువు తగ్గించడానికి. రోజంతా పెద్ద కొండ మీద పాతిక క్విక్‌డ్రాలు నడుముకి వేలాడేసుకుని ఎక్కేవాళ్లకి ఒక్కోదాంట్లో ఇరవై గ్రాములు తగ్గినా తేడా తెలుస్తుంది. నువ్వు బాదామిలో ఎక్కేది ఇరవై, పాతిక మీటర్ల రూట్లు, ఎక్కి దిగి టీ తాగుతారు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: తేలికగా చేసింది తొందరగా అరుగుతుంది. ఆ లిస్టులోని సన్న తాడే చూడు. సన్నది నీలాంటి కొత్తవాళ్లకి అంత మంచిది కూడా కాదు, పైతొడుగు త్వరగా నలుగుతుంది, బిలే చేసేవాళ్ల, అంటే కింద తాడు పట్టుకునేవాళ్ల, చేతిలో జారినట్టు పోతుంది. 9.8, 10 మిల్లీమీటర్ల తాడు లావుగా, బరువుగా, రేటు తక్కువగా ఉంటుంది, నువ్వు పదిసార్లు ఒకే రూట్‌లో వేలాడుతూ నేర్చుకోవడానికి అదే సరైనది. హెల్మెట్ కూడా అంతే. 9 వేల ఫోమ్ హెల్మెట్ తల మీద ఉన్నట్టే తెలియదు, కానీ బస్సు డిక్కీలో దాని మీద ఎవరి సూట్‌కేసో పడితే పగులుతుంది. 3 వేల గట్టి ప్లాస్టిక్‌ది చెమట పట్టిస్తుంది, మొండిగా బతుకుతుంది.

జాకెట్ గురించి ఎక్కువ చెప్పను. ఆర్క్‌టెరిక్స్ అనే కెనడా కంపెనీ 1989లో మొదలైంది క్లైంబింగ్ సామానుతో, వాళ్లకి పేరు తెచ్చింది హార్నెస్‌లు. ఇవాళ వాళ్ల జాకెట్లు కొండ మొహం చూడని వాళ్లు కాఫీ షాపుల్లో వేసుకుంటున్నారు. ఫ్యాషన్ కంపెనీ గూచీ, కొండలెక్కేవాళ్ల బట్టలు చేసే ద నార్త్ ఫేస్ కలిసి బట్టలు తెచ్చాయి. అది ఫ్యాషన్, తప్పేం లేదు, ఇష్టమైతే పట్టుచీర కొన్నట్టు కొనుక్కో. కానీ మంచులో, ముసురులో తడవకుండా కాపాడే గుడ్డ అది. బాదామి డిసెంబర్‌లో మధ్యాహ్నం రాయి మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, పొద్దున చలికి ఒక స్వెట్టర్ చాలు. నేనూ ఒకప్పుడు ఇలాంటిదొకటి కొన్నాను, జీతం వచ్చిన రోజు, ఎవరినో చూసి. కొండ మీదికి రెండుసార్లు వెళ్లింది అది. ఇప్పుడు వాన పడితే పాల ప్యాకెట్‌కి వెళ్తుంది.

డబ్బు నిజంగా తేడా చూపించేది షూస్‌లో. రబ్బరు నాణ్యత, కాలికి అతుక్కునే తీరు, ఇవి వేలితో పట్టుకుంటే తెలిసేంత తేడాలు. కానీ అక్కడ కూడా రేటు కన్నా ముందు కాలి ఆకారం. నువ్వు కొన్నది ముందుకు కొక్కెంలా వంగిన మోడల్ అని నీ వర్ణన బట్టి అర్థమైంది. అది ముందుకు వాలిన గోడల మీద, పైకప్పు లాంటి చోట్ల కాలి వేలితో లాక్కోవడానికి చేసింది. నీ ఆదివారాల గ్రానైట్ బండల మీద అరికాలు మొత్తం ఆనించి, రాపిడి మీద నిలబడాలి, అక్కడ కొక్కెం షూ శిక్షే. 2017 జూన్‌లో అలెక్స్ హానల్డ్ అనే క్లైంబర్ అమెరికాలోని ఎల్ కాపిటాన్ అనే నిటారు రాతిగోడని తాడే లేకుండా ఎక్కినప్పుడు కాలికి ఉన్నది చీలమండ దాకా వచ్చే, అడుగు చదునుగా ఉండే మోడల్, కొక్కెం కాదు. అవీ ఖరీదైనవేలే, కానీ ఆ రాయికి తగినవి. "రెండు సైజులు తక్కువ తీసుకో, సాగుతాయి" అన్న సలహా నీకెవరిచ్చారో గానీ, సింథటిక్ షూ దాదాపు సాగదు, తోలుది కొంత సాగుతుంది. వేళ్లు లోపల కొంచెం మడత పడాలి, గట్టిగా ఉండాలి, అంతవరకే. గోరు నల్లబడ్డాక వేసుకోకు. గోరు కింద నెత్తురు గడ్డకట్టి ఉంటుంది, నొప్పి ఎక్కువైతే డాక్టర్‌కి చూపించు, కొండ ఎక్కడికీ పోదు.

ఆ షూస్‌ని మూడుసార్లే వేసుకున్నావు కాబట్టి క్లైంబింగ్ చేసేవాళ్లకే అమ్మేయొచ్చు. నాలుగైదు వేలు పోతాయి, పోనీ. షూస్ ఒకరు వాడినవి ఇంకొకరు వాడొచ్చు. రోప్, హార్నెస్ మాత్రం చరిత్ర తెలియని మనిషి దగ్గర ఎంత చవకైనా తీసుకోకూడదు.

ఇక ఆ లిస్టు. దాన్ని రెండుసార్లు చదివాను, ఒక ప్రశ్న వదల్లేదు. ఆరుగురు వెళ్తుంటే ఆరు తాళ్లెందుకు? ఒకరు ఎక్కుతుంటే ఒకరు కింద పట్టుకోవాలి కదా, అంటే ఇద్దరికి ఒక తాడు. ఆరుగురికి మూడు తాళ్లు, మూడు సెట్ల క్విక్‌డ్రాలు ఉంటే ఒకేసారి మూడు రూట్లు నడుస్తాయి, ఇంకొకటి ఎక్కువే. ఎక్కడికి వెళ్లినా గ్రూపులు అలాగే పంచుకుంటాయి. అందరికీ అన్నీ రాసిన మనిషి లెక్క చూసి రాయలేదు, తన బ్యాగు తెరిచి చూసుకుని రాశాడు. దురుద్దేశం అంటగట్టను. కానీ ఆ ఆరుగురిలో సగం మందికి ఇదే ప్రశ్న ఉండి నోరు తెరవడం లేదేమో, నువ్వే అడుగు: "అన్నా, తాళ్లు ఎవరెవరి దగ్గర ఉన్నాయి, పంచుకుందామా?" అంతే. ఏమంటాడో చూడు. సరే అన్నాడంటే 41 వేలు ఒక్క మాటతో పోయాయి. పంచుకునే తాడు ఎప్పుడు కొన్నదో కూడా మొహమాటపడకుండా అడుగు.

నిన్ను నొప్పించినా సరే, ఒక మాట చెప్పాలి. నిశ్చితార్థం ఆగిపోయాక నిన్ను ఎవరూ ఏమీ అడగని చోటు ఆ గోడ ఒక్కటే. ఇంట్లో అడుగుతారు, ఆఫీసులో అడుగుతారు, హాస్టల్లో పక్క మంచం అమ్మాయి కూడా అడుగుతుంది. అక్కడ కూడా తక్కువదానిలా కనబడితే ఎక్కడికి పోవాలన్న టెన్షన్ ఈ 74 వేలలో చాలా భాగం ఉంది, నాకలాగే అనిపించింది. అందులో తప్పు లేదు. కాకపోతే ఆ "రెంటల్ మేడమ్" అన్నవాళ్లలో, నువ్వు ఎక్కబోయే ముందు నీ నడుము దగ్గర ముడి రెండోసారి చేత్తో పట్టుకుని చూసేవాళ్లు ఎవరు? ఉంటారు, ఒకరైనా ఉంటారు. బాదామిలో వాళ్లతో జత కట్టు. ఖరీదైన గేర్ ఉన్నవాళ్లు కూడా తాడు రెండో కొసకి ముడి వేయడం మర్చిపోయి, కిందికి దించేటప్పుడు తాడు అయిపోయి పరికరంలోంచి జారిపోయి పడుతుంటారు. ఆ ముడికి అయ్యే ఖర్చు సున్నా.

నీ ముందున్న దారులు చెబుతాను, ఎంచుకునేది నువ్వు.

లిస్టు మొత్తం కొనడం ఒకటి. 74 వేలు 18 నెలల ఈఎంఐ అంటే వడ్డీతో నెలకు నాలుగున్నర వేలు దాటుతుంది, షూ వాయిదా దానికి అదనం. ఇంటికీ హాస్టల్‌కీ పోను నీ చేతిలో ఉండేది 22 వేలు, అందులో జిమ్, బస్సు, ఫోను, ఆదివారం బిర్యానీ. నడుస్తుంది, నడవదని అనను. కానీ మధ్యలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ముందు ఆగిపోయేది జిమ్ ఫీజే. అప్పుడు గేర్ ఉంటుంది, ఎక్కడం ఉండదు.

హార్నెస్, హెల్మెట్, బిలే పరికరం, ఒక లాకింగ్ కారబైనర్ మాత్రం ముద్ర ఉన్న మామూలు రకం కొనుక్కుని, తాడూ క్విక్‌డ్రాలూ పంచుకుంటూ వెళ్లడం ఇంకొకటి. ఇవాళ్టి ధరల్లో 10, 12 వేలలో అయిపోతుంది. షూస్ అమ్మిన డబ్బులో సగంతో అడుగు చదునుగా ఉన్న మామూలు జత వస్తుంది. ఇందులో ఇబ్బందేంటంటే ఫొటోల్లో నీ హార్నెస్ అందరికన్నా మోటుగా కనిపిస్తుంది, రెంటల్ మేడమ్ పోయి ఇంకో పేరు రావొచ్చు. దాన్ని నువ్వు మోయగలవా లేదా అన్నది నాకు తెలియదు, నీకే తెలియాలి.

ఈసారి బాదామి మానేసి, ఆ డబ్బులో కొంత పెట్టి బయట రాయి మీద లీడింగ్, యాంకర్ పనులు (తాడుని రాయికి గట్టిగా కట్టడం) పద్ధతిగా నేర్చుకోవడం కూడా ఒక దారి. ఎనిమిది నెలల జిమ్ అనుభవంతో బయట లీడ్ చేయడం అంటే, జిమ్‌లో ఎంత బాగా ఎక్కినా, కొత్తగా నేర్చుకోవాల్సినవి ఉంటాయి. భువనగిరి మనకి గంటన్నర దూరం, 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఆ గుట్ట మీదే. ఇందులో నష్టం కూడా ఉంది. గ్యాంగ్ వెళ్లిపోయిన వారం హాస్టల్లో కూర్చుని వాళ్ల స్టేటస్‌లు చూడాలి. నీకున్న పరిస్థితిలో అది చిన్న విషయం కాదు, అందుకే ఇదే చెయ్ అని చెప్పలేకపోతున్నాను. నా వరకు నేనైతే రెండో దారి పడతాను, బయల్దేరే లోపు రెండు ఆదివారాలు భువనగిరిలో గడిపి.

నాన్న సంగతి చివరికి మిగిల్చాను. నువ్వు చిన్నప్పుడు డిపోకి తీసుకెళ్లి, ముందు చక్రాలకి కొత్త టైర్లు, వెనక చక్రాలకి రీట్రెడ్‌వి (అరిగినవాటికి మళ్లీ రబ్బరు వేసినవి) ఎందుకు వేస్తారో చూపించారని రాశావు కదా. ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు, అందుకని అక్కడ పాతది పెట్టరు, వెనక పెడతారు అని. నీ ప్రశ్నకి సగం జవాబు ఆయన ఇరవై ఏళ్ల కిందటే చెప్పారు. షూ అడుగు అరిగితే రీసోల్ చేయించొచ్చని చెప్పు, రీట్రెడింగ్ అంటే ఆయనకి నాకన్నా బాగా తెలుసు. తాడు మాత్రం ముందు టైరు అని చెప్పు. ఈ భాషలో మాట్లాడితే ఆ 14 వేల అబద్ధం కూడా చెప్పడం తేలికవుతుంది: "నాన్నా, 3 వేలన్నాను, 17 వేలు, తప్పు సైజు కొన్నాను, అమ్మేస్తున్నాను." తిడతారు. రెండ్రోజులు ఫోన్ అమ్మకిచ్చేస్తారు. కానీ నువ్వు చెప్పకుండా, ఎప్పుడో ఈఎంఐ మెసేజ్ చూసి తెలుసుకుంటే ఆయన అడిగేది షూస్ గురించి కాదు, ఈ కొండలెక్కడమే మానేయమంటారు. అప్పుడు నీ దగ్గర జవాబుండదు.

ఇక ఆ డిక్కీ తాడు అలాగే మూలన పెట్టుకోకు, నువ్వు వద్దనుకున్నా నీ తర్వాత ఇంకెవరో ఎత్తుకుపోయి కట్టుకుంటారు. కత్తెర తీసుకుని నాలుగైదు మీటర్ల ముక్కలుగా కోసెయ్, కొసలు అగ్గిపుల్లతో కాల్చు లేకపోతే పోగులు ఊడొస్తాయి. ఒక ముక్క హాస్టల్ మేడ మీద బట్టలారేసుకోవడానికి ఉంచుకో. మిగతావి ఈసారి ఊరెళ్లినప్పుడు పట్టుకెళ్లు, గేదెని కట్టేయడానికి నాన్నకి పనికొస్తాయి.